భ్రమరాంబ టీచర్ గారి పొగడ్తల కొట్టు

ముందుగా ఒట్టు. ఇందులో నేను రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. మా ఊరి మైసమ్మ మీద ఒట్టు, నాకింత కూడు పెడుతున్న మైకు మీద ఒట్టు. నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా పేరు చెబితే "ఎవరు, గా కోతల యాదగిరా?" అంటారు. అననివ్వండి. ఎంతటి కోతలరాయుడికైనా ఒకసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని బుద్ధి పుడుతుంది. నాకది పోయిన వారం పుట్టింది.

పోయిన వారం ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభ. మైకు పట్టుకుని సభ నడిపించడం నా పని. శాలువా అయింది, దండలయ్యాయి. సన్మానపత్రం మీద చుట్టిన మెరుపు కాగితం చించారు. అప్పుడు వచ్చింది ఆ వాసన. కొత్త చెక్క మీద ఆరీ ఆరని వార్నిష్ వాసన, దాని వెనకాల సన్నగా బంతిపూల వాసన. నేను ఎక్కడున్నానో మర్చిపోయాను. "అన్నా, సదువు. ఏమైంది?" అని పక్కనున్నతను మోచేత్తో పొడిస్తే గానీ తేరుకోలేదు. చదివాను. విద్యాసాగరా! మృదుభాషీ! కర్మయోగీ! ఒక్కొక్క పిలుపు కింద నాలుగేసి వాక్యాలు, నున్నగా, గుండ్రంగా. పేరు మారిస్తే పోస్టుమాస్టరుకైనా సరిపోతాయి. కిందికి దిగాక హెడ్మాస్టరు గారి అల్లుడు సంబరంగా చెప్పాడు, టీ వచ్చేలోపల ఫోనులోని ఏఐ చేతనే తయారు చేయించాడట. నాకు మాత్రం ఒకప్పటి గొంతు చెవిలో వినబడింది. "అంతా బానే ఉందిరా. ఇందులో మనిషేడీ?"

ఆ గొంతు భ్రమరాంబ టీచర్ గారిది. తెనాలి పక్క పల్లెటూరి మనిషి. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు తెలుగు చెప్పి, రిటైరయ్యాక భర్త కోటేశ్వరరావు గారి ఫొటో ఫ్రేముల కొట్టులో ఓ మూల బల్ల వేసుకుని సన్మానపత్రాలు రాసేవారు. ఎవరు రిటైరైనా, ఎవరికి అవార్డు వచ్చినా, ఏ కాలనీ సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చినా సభలో చదివి చేతిలో పెట్టడానికి ఒక పత్రం కావాలి కదా. రాత ఆవిడది, చట్రం ఆయనది. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా ఎన్ని ఇళ్ళ గోడల మీద ఆవిడ రాసిన పొగడ్త వేలాడుతోందో చెప్పలేను. ఊరందర్నీ అంతలా పొగిడిన ఆ నోటి నుంచి నాక్కావలసింది ఒక్క మాట. "బాగుంది" అని. దానికోసం ఆవిడ బల్ల ముందు ఎన్ని కాగితాలు చింపానో, ఎంతమంది వెనకాల తిరిగానో, ఇదంతా ఆ సంగతే.

నేను నల్గొండ దగ్గర మా పల్లె నుంచి గ్రూప్స్ కోచింగుకని దిల్‌సుఖ్‌నగర్ వచ్చినవాణ్ణి. కోచింగు సెంటర్లో కూర్చున్నది తక్కువ, హాస్టల్ మెస్సులో కథలు చెప్పింది ఎక్కువ. ఇంటి నుంచి వచ్చేది చాలక ఫ్రేముల కొట్టులో పనికి కుదిరాను. అద్దం తుడవడం, వెనక అట్ట బిగించి చిన్న మేకులు కొట్టడం. ఒకరోజు బాగా పొద్దెక్కి వెళ్ళాను. నిద్ర లేవలేదని చెబితే అయిపోయేది. కానీ నా నాలుక ఊరుకోదు.

"టీచరమ్మా, మీరు నమ్మరు గని, మార్కెట్ కాడ బత్తాయిల లారీ బోల్తా పడ్డది" అన్నాను. అప్పట్లో పండ్ల మార్కెట్ ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉండేది. "కాయలన్నీ రోడ్డు మీదికొచ్చినయ్. చైతన్యపురి దాటి గిట్ల దొర్లుకుంట వస్తున్నయ్. సిటీ బస్సు వాటి మీదికెక్కింది సూడుండ్రి, డ్రైవర్ ఎంత బ్రేకు తొక్కినా ఆగలే, దిల్‌సుఖ్‌నగర్ దాంక జారుకుంటనే వచ్చింది. ట్రాఫిక్ పోలీసాయన చెయ్యి అడ్డం పెడితే బస్సులాగలే గని, కాయలాగినయ్!"

కోటేశ్వరరావు గారు సుత్తి పక్కన పెట్టి నోరు తెరుచుకుని విన్నారు. టీచర్ గారు మాత్రం కళ్ళజోడు పైనుంచి చూసి, "కాయలు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగారు.

"రంగేంది టీచరమ్మా, పసుపుపచ్చగ, బంగారం లెక్క."

"ఒరేయ్ అబ్బాయ్, ఇప్పుడొచ్చే కాయ ఆకుపచ్చగా ఉంటుంది. నిన్ననే సంచీడు కొనుక్కొచ్చాను. లారీ పడిందంటే నమ్మాను. బస్సు జారిందంటే పోనీలే అనుకున్నాను. కాయలు పోలీసు మాట విన్నాయంటే ముచ్చటేసింది కూడాను. తీరా రంగు దగ్గర పడిపోయావు. బత్తాయి తోటల్లో పుట్టి పెరిగినవాడివి, కాయ రంగు తెనాలిదాన్ని నేను చెప్పాలా?"

నాకు సిగ్గేసింది. అబద్ధం బయటపడినందుకు కాదు, అది నాకు అలవాటే. మా నాయన తోటలో కాయ రంగు నేను మర్చిపోయినందుకు. ఆవిడ మెత్తబడి బల్ల పక్కకు పిలిచారు. "నువ్వు చేసినదాన్ని అతిశయోక్తి అంటారు. ఉన్నదానికి మించి చెప్పడం. అందులో తప్పేం లేదు, లోకంలో సగం అందం దానిదే. కానీ దానికి ఒక కాలు నేల మీద ఉండాలి. నువ్వు రెండు కాళ్ళూ ఎత్తేశావు. ఇంకో సంగతి. అతిశయోక్తి చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఇద్దరూ కలిసి ఆడే ఆట అది. చెప్పేవాడికొక్కడికే తెలిస్తే దానికి వేరే పేరుంది." ఆ వేరే పేరేమిటో ఆవిడ చెప్పలేదు. "రేపట్నించి మేకులతో పాటు ఓ పెన్ను కూడా పట్టుకురా" అన్నారు.

అలా నా చదువు మొదలైంది. కాలేజీలో అలంకారాలను పరీక్ష కోసం బట్టీపట్టాను. ఆవిడకు అవి బల్ల మీది పనిముట్లు, కోటేశ్వరరావు గారికి రంపమూ బాడిశా ఎలాగో అలాగ. పత్రం కావాలని ఎవరైనా వచ్చి వెళ్ళాక ఆ మనిషికి ఏది పనికొస్తుందో నాతో చర్చించేవారు. "ఈయన పీలగా ఉన్నాడు, రూపకం మోయలేడు. 'మీరే సూర్యుడు' అంటే నవ్వుతారు. 'సూర్యుడిలా వేళకు వచ్చేవారు' అని ఉపమతో సరిపెడదాం." "ఈవిడ ముప్ఫయ్యేళ్ళు నర్సు చేసింది. 'ఆమె అడుగుల చప్పుడు వింటే జ్వరం తనంతట తానే సర్దుకుపోతోందా అన్నట్టుండేది' అని రాయి. ఊహించి, అలా ఉందేమో అనిపించడం ఉత్ప్రేక్ష. నర్సులకు బాగా కుదురుతుంది." ఎవరైనా "నన్ను సముద్రంతో పోల్చండి మేడమ్" అంటే, "ఈ నెల సముద్రం అయిపోయిందండీ, వచ్చే నెల రండి" అనేవారు. కొందరు నిజంగానే వచ్చే నెల వచ్చేవారు.

ఆవిడ చిలిపితనం కూడా నేను కళ్ళారా చూశాను. ఒక కాలనీ అధ్యక్షుడు ఉండేవాడు. పేరెందుకు గానీ, పాత ఊరి భూములున్న ఆసామి. ఏ మీటింగుకైనా జనం ఎండలో వాడిపోయాక గానీ వచ్చేవాడు కాదు. ఆయన పుట్టినరోజుకు పత్రం కావాలని మనుషులు వచ్చారు. టీచర్ గారు ఉపాయం చెప్పగా నేను రాశాను. "నిరీక్షణలోని మాధుర్యాన్ని మాకు నేర్పిన మహానుభావా!! మీ రాక కోసం ఎదురుచూస్తూ ఇరుగుపొరుగు వారమంతా ఒకరికొకరం ఆప్తులమయ్యాం." సభలో ఆ వాక్యం చదివేసరికి జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తరువాత మొదటి వరసలోని పెద్దావిడ ఒకామె పక్కామె చెవిలో "సూస్తివా, మంచిగ వడ్డది" అంది. ఆపైన చప్పట్లే చప్పట్లు. అధ్యక్షుడు లేచి అందరికీ దండాలు పెట్టాడు. ఆ ఫ్రేము వాళ్ళ హాల్లో సోఫా పైనే వేలాడదీశాడు.

"దీన్ని వ్యాజస్తుతి అంటారు" అన్నారు టీచర్ గారు మర్నాడు. "పొగడ్త వేషంలో తిట్టు. తిట్టు వేషంలో పొగడ్త కూడా ఉంటుంది, అది ఇంకా తియ్యన. అత్తగార్లకు బాగా వచ్చు."

"మంచిగనే ఉన్నదా నేన్రాసింది?" అని ఆశగా అడిగాను.

"'మహానుభావా' తరవాత ఆశ్చర్యార్థకం ఒకటి చాలు. రెండెందుకు?" అని నా చిత్తుప్రతి తిప్పేశారు.

అదీ వరస. ఎప్పుడడిగినా ఏదో ఒకటి తీసెయ్యమనేవారు.

ఆవిడ పద్ధతి ఒకటుంది. పత్రంలో ఎన్ని అలంకారాలైనా వేయండి, మధ్యలో ఒక్కచోట మాత్రం ఏ వేషమూ లేని వాక్యం ఉండాలి. ఆ మనిషి రోజూ చేసే పని ఏదో ఒకటి, ఉన్నది ఉన్నట్టు. ఇంటివాళ్ళకో పక్క సీటువాళ్ళకో తప్ప తెలియనిది. "స్వభావోక్తి. అన్నిటికన్నా కష్టం. ఎందుకంటే కూర్చుని రాయలేం, వెళ్ళి చూడాలి" అనేవారు. నిజంగా వెళ్ళేవారు కూడా. తాసీల్దారు ఆఫీసులో పని ఉన్నట్టు వరండాలో కూర్చునేవారు. లైబ్రేరియన్ కోసమైతే ఒక పూటంతా లైబ్రరీలో పేపరు చదివేవారు. వచ్చి ఒకే ఒక్క వాక్యం రాసేవారు.

నాకు ఒంటరిగా రాసే అవకాశం సత్తయ్య గారితో వచ్చింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రిటైరవుతుంటే తోటి డ్రైవర్లూ కండక్టర్లూ పత్రం రాయించడానికి వచ్చారు. "ఇది నువ్వు రాయి" అన్నారు టీచర్ గారు. నేను రెచ్చిపోయాను. పుష్పక విమానాన్ని దించాను. ఆయన హారను కొడితే సిగ్నల్ లైటు పచ్చబడుతుందని రాశాను. మూసీకి వరద వస్తే బస్సును పడవ చేసి ప్రయాణికుల్ని దాటించాడని రాశాను. రాసుకుంటూ నేనే మురిసిపోయాను. ఈసారి ఆ మాట అనక తప్పదు అనుకున్నాను.

ఆవిడ చదివి కాగితం బోర్లించారు. "చూసొచ్చావా?"

"సూసొచ్చిన టీచరమ్మా."

"ఆయన స్టీరింగు ముందు ఏం పెట్టుకుంటాడు?"

"ఎంకన్న సామి ఫొటో" అన్నాను టక్కున. ఏ డ్రైవరైనా పెట్టుకుంటాడు కదా.

"నే నిన్న ఎక్కాను ఆ బస్సు. ఏమీ పెట్టుకోడు. పో. చూసిరా."

మర్నాడు పొద్దున ఎల్బీనగర్‌లో సత్తయ్య గారి బస్సెక్కి ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కనబడలేదు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు, మామూలు మనిషి. కొత్తపేట దగ్గర ఒక ముసలామె ఆకుకూరల గంపతో ముందు ద్వారంలోంచి ఎక్కింది. కండక్టరు విజిలు వేశాడు. బస్సు కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. సత్తయ్య గారు వెనక్కి తిరక్కుండానే, అద్దంలోకి చూస్తూ, "అవ్వా, పట్టుకున్నవా?" అన్నారు. ఆమె రాడ్డు పట్టుకుంది. "ఆ, పట్టుకున్న బిడ్డా, పోనీ" అంది. అప్పుడు గేరు వేశారు. తరవాతి స్టాపులో కాలేజీ పిల్లలెక్కారు. మళ్ళీ అదే. "పట్టుకున్నరా?" ఒక పోరడు వెటకారంగా "లేదు మామా, నిన్ను పట్టుకోవాల్నా?" అన్నాడు. "నన్నెందుకురా, రాడ్డు పట్టుకో" అని, వాడు పట్టుకునేదాకా ఆయన కదలనే లేదు. కోఠీ దాకా ప్రతి స్టాపులోనూ అంతే. నేను దిగి, అవతలి వైపు వెళ్ళి, తిరుగు బస్సు ఎక్కకుండా ఫుట్‌పాత్ మీదే కూర్చుని ఆ వాక్యం రాశాను. "ఎక్కినవాళ్ళు పట్టుకున్నారో లేదో అడగకుండా ఈయన బండి ఏనాడూ కదిలించలేదు."

పుష్పక విమానాన్ని తీసేశాను. సిగ్నల్ లైటును మాత్రం టీచర్ గారే ఉంచమన్నారు. "జనం నవ్వుకోడానికి ఒకటుండాలి" అని.

సభ రోజున మొదటిసారి మైకు పట్టుకున్నాను. సిగ్నల్ లైటు దగ్గర డ్రైవర్లు ఈలలు వేశారు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్తయ్య గారు తల వంచుకుని శాలువా అంచు నలుపుతున్నారు. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "ఇంట్ల గూడ గట్లనే సారూ! స్కూటర్ మీద నన్ను కూసోబెట్టుకుంటే, 'పట్టుకున్నవా' అని అడగంది ఇంచు కదలడు. పెండ్లయిన కాడికెల్లి గదే లొల్లి!" అంది. అంటూ అంటూనే ఏడ్చేసింది. హాలంతా లేచి నిలబడింది.

వేదిక దిగి పరుగులాంటి నడకతో వెనక వరసలోకి వెళ్ళాను, అక్కడ టీచర్ గారు కూర్చున్నారు. ఏమీ అడగకుండా ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ చేతిసంచీలోంచి సోపుగింజల పొట్లం తీసి నా చేతిలో రెండు పలుకులు పోసి, "గొంతు తడారిపోయింది నీకు, నమలు. మూడో పేరా కొంచెం మెల్లగా చదవాల్సింది" అన్నారు.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "టీచరమ్మా, ఊళ్ళె అందర్ని పొగుడుతరు. గా లేటుగ వచ్చే అధ్యక్షున్ని గూడ పొగిడిన్రు. నన్నొక్కసారి మంచిగ రాసినవ్ అంటే ఏం పోతది మీది?"

ఆవిడ సోపుగింజల పొట్లం మడిచి సంచీలో పెట్టుకున్నారు. "పొగడ్త ఎట్లా తయారవుతుందో నీకు తెలుసు. ఏ చెక్క, ఏ మేకు, ఏ వార్నిష్. నేను నిన్ను పొగిడితే ఇంటికెళ్ళి పడుకుని, ఇది ఉపమా, ఉత్ప్రేక్షా, వ్యాజస్తుతేమో అని విప్పి చూసుకుంటావు. నమ్మలేవు. నమ్మకం లేని పొగడ్త నీకెందుకురా?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. అందులోని ప్రేమ కనబడడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ తరవాత కోచింగు మానేశాను. పత్రాలు రాశాను, సభలు నడిపాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లాడు పుట్టాడు. మార్కెట్ ఊరి బయటికి వెళ్ళిపోయింది. మా కొట్టు ముందు మెట్రో స్తంభాలు లేచి, మిట్టమధ్యాహ్నం కూడా బల్ల మీద లైటు వేసుకోవలసి వచ్చింది. కోటేశ్వరరావు గారి చెయ్యి వణకడం మొదలైంది. సుత్తి మేకు మీద కన్నా బొటనవేలి మీద ఎక్కువ పడేది. చివరికి ఆ భవనం పడగొట్టి కాంప్లెక్సు కడతామని యజమాని చెప్పాక, తెనాలిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నామని టీచర్ గారు ప్రకటించారు. ప్రకటించడమే. చర్చ లేదు.

గల్లీ వాళ్ళంతా కలిసి ఆవిడకు సన్మానం చేద్దామన్నారు. టైలరు, జిరాక్స్ షాపాయన, మిర్చీ బండి అక్క, అందరూ నా మీద పడ్డారు. "గిన్నొద్దులు అందరికి రాసింది. ఆమెకు నువ్వే రాయాలె." నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. ఉపమలు వస్తున్నాయి, రూపకాలు వరస కట్టి వస్తున్నాయి. వేషం లేని ఆ ఒక్క వాక్యం మాత్రం రాదు. అన్నేళ్ళు ఆవిడ ముందే కూర్చున్నాను గానీ ఆవిడను ఒక్కసారీ చూడలేదని అప్పుడర్థమైంది. నేను చూసిందంతా ఆవిడ పెదవులే, ఆ మాట వస్తుందేమోనని.

కొట్టు మూసే ముందు మిగిలిన రోజుల్లో, అద్దాలు తుడుస్తున్నట్టు నటిస్తూ చూడడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్ళు తమకు రాసిపెట్టిన పత్రాన్ని అక్కడే చదువుకునేవారు. తన పొగడ్త తాను చదువుకుంటున్నప్పుడు ఎవరి ముఖమైనా వెలిగిపోతుంది. టీచర్ గారు ఆ ముఖం వైపు చూసేవారే కాదు. పక్కన ఎవరుంటే వాళ్ళను చూసేవారు. భార్యనో, కొడుకునో, వెంట వచ్చిన ప్యూనునో. చదివే మనిషి "అద్భుతం మేడమ్" అంటున్నా వినిపించుకోకుండా పక్కనున్న ముఖంలో ఏదో వెతికేవారు. అక్కడ కళ్ళు కొంచెం పక్కకు తప్పుకుంటే, "ఒక్క నిమిషం ఇటివ్వండి" అని కాగితం వెనక్కి తీసుకుని ఏదో కొట్టేసేవారు. ఆ మనిషి ఊరికే తలూపితే, పెన్నుకు మూత పెట్టేవారు. ఇది నా కళ్ళ ముందే అన్నేళ్ళు జరిగింది.

సభ చిన్నదే. కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, మిర్చీ బండి అక్క తెచ్చిన బజ్జీలు. సత్తయ్య గారు భార్యతో వచ్చారు. పత్రం చదివాను. మొదట్లో ఆవిడను "మాటల దర్జీ" అని ఒక రూపకం వేశాను, టైలరు చాలా సంతోషించాడు. తరవాత ఆ వాక్యం. "ఈమె ఎవరిని పొగిడినా, ఆ పొగడ్త నిజమో కాదో తెలుసుకోవడానికి వారి ముఖం కాదు, వారి పక్కనున్నవారి ముఖం చూస్తారు." చదివాక నేను కూడా టీచర్ గారి వైపు చూడలేదు. పక్క కుర్చీలో ఉన్న కోటేశ్వరరావు గారిని చూశాను. జీవితమంతా సుత్తితో తప్ప మాట్లాడని మనిషి ఆయన. వణికే చెయ్యి ఎత్తి, మైకు లేకుండానే, "అవునయ్యా!" అన్నారు. "పెళ్ళిచూపుల్లో కూడా నా వంక చూళ్ళేదు ఈవిడ. మా అమ్మ మొహమే చూస్తూ కూర్చుంది!" హాలు గొల్లుమంది. టీచర్ గారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

మర్నాడు ఎల్బీనగర్‌లో వాళ్ళను తెనాలి బస్సెక్కించాను. పెట్టెలు పైకందించాను. కోటేశ్వరరావు గారు నా భుజం తట్టి లోపలికెళ్ళారు. బస్సు కదిలింది. నేను పక్కనే నాలుగడుగులు నడిచాను. కిటికీలోంచి టీచర్ గారు చెయ్యి బయట పెట్టి నా తల మీద వేసి, "బాగుందిరా యాదగిరీ" అన్నారు. విజయవాడ రోడ్డు మీది అన్ని బస్సుల రొదలోనూ ఆ మాట స్పష్టంగా వినబడింది.

ఇక్కడితో ఆపేస్తే కథ బ్రహ్మాండంగా ఉంటుంది. నా సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికే ఎక్కడో పట్టేసి ఉంటారు. సరే, చెప్పేస్తాను. లారీ కథ నేను ఆ రోజు కల్పించిందే, అది మీకూ తెలుసు. మిగతాదంతా, సత్తయ్య గారి బస్సు, ఆయన భార్య ఏడుపు, పెళ్ళిచూపుల మాట, అంతా నిజం. కిటికీ దగ్గరి ఆ మాట ఒక్కటే నేను కల్పించాను. టీచర్ గారు అనలేదు. చెయ్యి బయట పెట్టలేదు, తల మీద వెయ్యలేదు. జరిగింది ఇదీ: బస్సు క్లీనరు నేను రాసిన సన్మానపత్రం ఫ్రేమును కింద డిక్కీలో పెడతానన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. రెండు చేతులతో ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నారు. "అమ్మా, దారంతా గట్లనే పట్టుకుంటరా?" అని వాడంటే, "నీకెందుకు నాయనా, నువ్వు బండి పోనీ" అన్నారు. అంతే. ఆ తరవాత ఆవిడను చూడలేదు. తెనాలిలోనే పోయారు. నాకు కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి.

ఈ కిటికీ కథను నా భార్యకు చెప్పాను, పిల్లాడికి చెప్పాను, సభల్లో లెక్కలేనన్నిసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ మాట ఆవిడ గొంతులోనే వినబడుతుంది. కాసేపు హాయిగా ఉంటుంది. తరవాత మళ్ళీ ఆ బస్సు వెళ్ళిపోతుంది.

ఇప్పటికీ పత్రం రాయమంటే ముందు వెళ్ళి చూసే వస్తాను. సభలో చివరి వాక్యం చదివాక మైకు దగ్గరే ఒక్క క్షణం ఊరికే ఆగుతాను. చప్పట్ల కోసం ఆగుతాడని అందరూ అనుకుంటారు. కుర్రాళ్ళు కొందరు ఆ ఆగడాన్ని నా దగ్గర నేర్చుకుంటున్నారు కూడా. నేను మాత్రం వెనక వరస వైపు చూస్తూ ఉంటాను. ఏదో ఒకటి తీసెయ్యమంటారేమోనని.